బడి వాకిట్లో గవర్నర్ సాహబ్ ఖబర్



దిల్లీలో ఓఖ్లా వైపు జామియా మిల్లియా ఇస్లామియా అనే విశ్వవిద్యాలయం ఉంది. దాని ఆవరణలో ఒకవైపు మసీదు, ఇంకోవైపు కుతుబ్‌ఖానా, అంటే గ్రంథాలయం. ఆ రెండింటికీ నడుమ ఒక మఖ్బరా కనిపిస్తుంది. అందులో డాక్టర్ జాకిర్ హుసేన్ సాహబ్, ఆయన బేగం షాజహాన్ సాహిబా పక్కపక్కనే పడుకుని ఉన్నారు. ఆయన బిహార్‌కు గవర్నర్‌గా, దేశానికి ఉపరాష్ట్రపతిగా, ఆ తర్వాత రాష్ట్రపతిగా చేశారు.

మన దేశానికి ముగ్గురు ముస్లింలు రాష్ట్రపతులయ్యారు. 1977లో ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ మర్హూమ్‌ను పార్లమెంటుకు దగ్గర్లోని మసీదు ఆవరణలో దఫన్ చేశారు. 2015లో అబ్దుల్ కలాం సాహబ్‌ను సొంతూరు రామేశ్వరంలో దఫన్ చేశారు. జాకిర్ సాహబ్ సంగతి వేరు. పుట్టింది హైదరాబాద్‌లో. ఖాందాన్ ఊరు ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్. ఆఖరి శ్వాస విడిచింది రాష్ట్రపతి భవన్‌లో. మట్టి దొరికింది మాత్రం ఒక విద్యాలయం ఆవరణలో. ఎందుకలా? జవాబు కావాలంటే ఆయన జిందగీ మొత్తం ఒకసారి తిరగెయ్యాలి.

గవర్నర్లంటే మన జిల్లాకు కొత్త కాదు. పాత కాగితాల్లో సికాకోల్ అని రాసే మన శ్రీకాకుళంలో కుతుబ్‌షాహీల జమానా నుంచీ ఫౌజ్‌దార్లు ఉండేవారు. షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు నేటికీ నిలిచి ఉంది. ఆసఫ్‌జాహీల జమానాలో ఇక్కడ ఫౌజ్‌దారీ చేసిన అన్వరుద్దీన్ ఖాన్ తర్వాత ఆర్కాట్ నవాబయ్యాడు. 1749లో అంబూర్ జంగ్‌లో ప్రాణం విడిచాడు. సోంపేట, పలాస, టెక్కలి వైపు మన పిల్లలకు ఈ పేర్లు తెలియాలి, మంచిదే. కానీ వాళ్ళ తాఖత్ తల్వార్‌లో, ఖజానాలో ఉండేది. జాకిర్ సాహబ్ చేతిలో ఉన్నది పలక, బలపం. ఆ తవారీఖ్ కూడా మన పిల్లలకు అందాలి.

హైదరాబాద్‌లో పుట్టుక

1897 ఫిబ్రవరి 8న హైదరాబాద్‌లో పుట్టారు. వాలిద్ ఫిదా హుసేన్ ఖాన్ అక్కడ పేరున్న వకీల్. వీళ్ళు అఫ్రీదీ పఠాన్లు. పూర్వీకులు సిపాయీ పేషా వాళ్ళు. ఆ ఖాందాన్‌లో తల్వార్ వదిలి కితాబ్ పట్టుకున్న తరం ఫిదా హుసేన్‌ది. ఏడుగురు కొడుకుల్లో జాకిర్ సాహబ్ మూడోవారు.

1907లో వాలిద్ చిన్న వయసులోనే ఇంతెఖాల్ అయ్యారు. కుటుంబం ఖాయంగంజ్ తిరిగి వెళ్ళిపోయింది. 1911లో ప్లేగు వచ్చి వాల్దాను కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే యతీమ్ అయిన కుర్రాడు ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్లో చదివాడు. తర్వాత అలీగఢ్ కాలేజీలో చేరాడు. తమ్ముళ్ళలో యూసుఫ్ హుసేన్ సాహబ్ మళ్ళీ హైదరాబాద్ వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తవారీఖ్ బోధించారు. ఇంకో తమ్ముడు మహమూద్ హుసేన్ సాహబ్ బటవారా తర్వాత పాకిస్తాన్‌లో మంత్రి అయ్యారు. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల మధ్య సరహద్దు గీత వచ్చి పడింది. అలాంటి ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి.

150 రూపాయల వాగ్దానం

1920లో గాంధీజీ, అలీ బ్రదర్స్ అలీగఢ్ వచ్చారు. అంగ్రేజ్ హుకూమత్ సాయంతో నడిచే కాలేజీలు వదిలి బయటికి రండి అని తలబాలకు పిలుపిచ్చారు. అప్పటికి జాకిర్ సాహబ్ వయసు 23. ఎం.ఏ. చదువుతూనే అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నారు. ముందు బంగారం లాంటి నౌకరీ కనిపిస్తోంది. వదిలేశారు. వదిలేసి ఊరుకోలేదు. బయటికి వచ్చిన పిల్లలకు చదువు ఎక్కడ అని పెద్దలను అడిగారు. 1920 అక్టోబర్ 29న అలీగఢ్‌లోనే జామియా మిల్లియా ఇస్లామియా మొదలైంది. షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ సాహబ్ పునాది వేశారు. హకీమ్ అజ్మల్ ఖాన్ సాహబ్, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ దాని భారం మోశారు.

ఆ తర్వాత జాకిర్ సాహబ్ పై చదువుకు జర్మనీ వెళ్ళారు. 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుంచి మఆషియాత్‌లో, అంటే అర్థశాస్త్రంలో, డాక్టరేట్ అందుకున్నారు. అక్కడున్నప్పుడే 1925లో కావియానీ ప్రెస్‌లో దీవాన్-ఎ-గాలిబ్‌ను ముచ్చటైన చిన్న పుస్తకంగా అచ్చు వేయించారు. దాని కోసం ప్రెస్‌లో తన చేత్తో టైపు కూర్చారు. పరాయి గడ్డ మీద మాదరీ జబాన్ పుస్తకాన్ని అలా కూర్చుకున్న మనిషి ఆయన.

ఇటు దేశంలో ఖిలాఫత్ తహ్రీక్ చల్లారిపోయింది. 1924లో టర్కీలో ఖిలాఫతే రద్దయింది. చందాలు ఆగిపోయాయి. జామియాను మూసేద్దామన్న మాట బయటికొచ్చింది. బెర్లిన్‌లో ఆ ఖబర్ విన్న జాకిర్ సాహబ్, ఆబిద్ హుసేన్ సాహబ్, ముహమ్మద్ ముజీబ్ సాహబ్ ముగ్గురూ మేమొస్తున్నాం, మూయకండి అని పెద్దలకు కబురు పెట్టారు. 1926లో వచ్చేశారు. అప్పటికి జామియా దిల్లీలోని కరోల్‌బాగ్‌లో కిరాయి ఇళ్ళల్లోకి మారింది. 29 ఏళ్ళకే జాకిర్ సాహబ్ దానికి షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్సలర్ అయ్యారు. ఆ పదవిలో 1948 వరకు, 22 ఏళ్ళు ఉన్నారు.

పేరుకు వైస్ చాన్సలర్. చేతిలో పైసా లేదు. 1927 చివర్లో హకీమ్ సాహబ్ ఇంతెఖాల్‌తో ఉన్న ఆసరా కూడా పోయింది. 1928లో ఉస్తాదులంతా కూర్చుని ఒక అంజుమన్ కట్టారు. ఇరవై ఏళ్ళ పాటు జామియాకే ఖిద్మత్ చేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తన్ఖా తీసుకోం అని అహద్ చేశారు. 150 అన్నది పై హద్దు మాత్రమే. అంతకన్నా చాలా తక్కువతో, అదీ నెలలు దాటాక అందే తన్ఖాలతో ఇల్లు నడిపిన రోజులే ఎక్కువ. బెర్లిన్ డాక్టర్ల ఇళ్ళ పొయ్యి పరిస్థితి అది.

ఉద్దానం వాళ్ళకు ఈ సబర్ గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను కొబ్బరి తోటలను నేలకూల్చాక మళ్ళీ మొక్క నాటిన రైతు ఏం చేశాడు? ఈ ఏడాది కాయదు, వచ్చే ఏడాదీ కాయదు అని తెలిసే నీళ్ళు పోశాడు. జామియా ఉస్తాదులూ అదే చేశారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో సొంత భవనానికి పునాది రాయి వేసేటప్పుడు నవాబునో నాయకుణ్నో పిలవలేదు. బడిలో అందరికన్నా చిన్న పిల్లవాడి చేత ఆ రాయి వేయించారు. నాటే చెట్టు ఎవరి కోసమో వాళ్ళకు అంత సాఫ్‌గా తెలుసు.

ఆ రోజుల్లో జర్మనీ నుంచి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు వనిత జామియాకు వచ్చారు. బెర్లిన్‌లో జాకిర్ సాహబ్ బృందానికి స్నేహితురాలు. 1933లో హిట్లర్ గద్దెనెక్కిన ఏడాది ఇక్కడికి చేరి చిన్నపిల్లల తాలీమ్ చూసుకున్నారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అనేవారు. 1943లో చనిపోతే జామియా ఖబ్రస్తాన్‌లోనే దఫన్ చేశారు. ముస్లింల బడిలో, ముస్లింల ఖబ్రస్తాన్‌లో ఒక యూదు ఉస్తానీకి చోటు దొరికింది. జామియా మట్టి స్వభావం అది.

అబ్బూఖాన్ మేక

ఉర్దూ మీడియం బడుల్లో చదివిన మా తరానికి జాకిర్ సాహబ్ మొదట తెలిసింది గవర్నర్‌గానో రాష్ట్రపతిగానో కాదు, అబ్బూఖాన్ కీ బక్రీ కహానీ రాసినాయనగా. కొండ ఊరి ముసలాయన అబ్బూఖాన్‌కు చాందినీ అనే మేక ఉంటుంది. ప్రేమగా చూసినా తాడు తాడే కదా. అది కొండ మీదికి పారిపోతుంది. రాత్రి తోడేలు వస్తుంది. ఓడిపోతానని తెలిసీ తెల్లవార్లూ కొమ్ములతో పోరాడి ప్రాణం వదులుతుంది. చెట్టు మీది పిట్టలు తోడేలే గెలిచిందంటాయి. ఒక ముసలి పిట్ట మాత్రం కాదు, చాందినీయే గెలిచిందంటుంది. గులామీలో ఉన్న దేశంలో పిల్లలకు ఆజాదీ అంటే ఏమిటో ఇంతకన్నా తేలిగ్గా ఎవరు చెప్పగలరు?

ఈ కహానీలు ఆయన రుఖయ్యా రెహానా అనే పేరుతో రాసేవారు. రెహానా ఆయన చిన్న కూతురు. మూడేళ్ళ వయసులోనే అల్లాహ్‌కు ప్యారీ అయింది. ఆ ఖబర్ వచ్చినప్పుడు ఆయన బడి పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. పంచడం ఆపలేదు. తర్వాత అడిగితే, పిల్లలంతా అంత సంతోషంగా ఉన్నారు, ఆ సంతోషం చెడగొట్టబుద్ధి కాలేదన్నారు. ఇంటికి వెళ్ళాక ఎంత ఏడ్చి ఉంటారో పిల్లల్ని పెంచిన మీకు తెలుసు. ఆ బిడ్డ పేరు మాత్రం ఉర్దూ పిల్లల పుస్తకాల్లో బతికింది.

వార్ధా నుంచి జలంధర్ దాకా

1937లో గాంధీజీ వార్ధాలో తాలీమ్ మీద సభ పెట్టి, పథకం తయారుచేసే కమిటీకి జాకిర్ సాహబ్‌ను సదర్‌గా పెట్టారు. అదే నయీ తాలీమ్. ఏడు నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఉచితంగా, తప్పనిసరిగా చదువు చెప్పాలి. అది మాదరీ జబాన్‌లో సాగాలి. చేతి పని ద్వారా నేర్పాలి. మన పెద్దలు బేసిక్ స్కూళ్ళని చెప్పుకునే బడులు, అక్కడ తక్లీతో నూలు వడకడం, అన్నీ ఈ పథకం ఫలితమే.

ముస్లిం లీగ్ దీనికి ఎదురు తిరిగింది. ఇది మన పిల్లల్ని దీన్‌కు దూరం చేస్తుందని అన్నారు. సొంత ఖౌమ్ వాళ్ళే ఆయన్ను మాటలన్నారు. 1946లో మధ్యంతర ప్రభుత్వం కోసం కాంగ్రెస్ ఆయన పేరు సూచిస్తే జిన్నా సాహబ్ ఒప్పుకోలేదు. జాకిర్ సాహబ్ దిల్‌లో కీనా పెట్టుకోలేదు. అదే ఏడాది నవంబర్‌లో జామియా పాతికేళ్ళ జూబిలీ జరిగితే నెహ్రూనూ జిన్నానూ, ఆజాద్‌నూ లియాఖత్ అలీ ఖాన్‌నూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. దేశం నిండా ఫసాదులు. ఈ మంట ఎవరు పెట్టారని తర్వాత వాదించుకోండి, ముందు ఆర్పండని వాళ్ళ ఎదుటే మొర పెట్టుకున్నారు. వాళ్ళు విన్నారు. మంట ఆరలేదు.

మరుసటి ఏడాది ఆ మంట ఆయన్నే చుట్టుకుంది. 1947 ఆగస్టులో కశ్మీర్ వెళ్తుంటే జలంధర్ స్టేషన్‌లో గుంపు పట్టుకుంది. మౌత్ ఎదుట నిలబడిన ఆయన్ను కాపాడింది ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే అధికారి. దిల్లీ తిరిగొచ్చాక శరణార్థుల క్యాంపుల్లో ఖిద్మత్‌కు దిగారు. తర్వాతి ఏడాది అలీగఢ్ విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ అయ్యారు. బటవారాతో బెదిరిపోయి, దేశం ముందు ముద్దాయిలా నిలబడిన ఆ విద్యాలయాన్ని 1956 వరకు నడిపి, మళ్ళీ తలెత్తుకునేలా చేశారు.

పట్నా రాజ్‌భవన్

1957 జులై 6న బిహార్ గవర్నర్ అయ్యారు. 1962 మే వరకు ఉన్నారు. ఆ సంవత్సరమే మన పక్కనున్న బరంపురంలో పుట్టిన తెలుగువారు వి.వి. గిరి గారు లక్నోలో ఉత్తరప్రదేశ్ గవర్నర్ అయ్యారు. ఇరుగుపొరుగు రాష్ట్రాల రాజ్‌భవన్లలో ఉన్న ఈ ఇద్దరి దారులు పదేళ్ళ తర్వాత దిల్లీలో కలుస్తాయి.

గవర్నర్ అంటే మంత్రులు పంపిన కాగితం మీద దస్తఖత్ చేసేవాడు అన్న మాట మనం వింటూనే ఉంటాం. జాకిర్ సాహబ్ ఒకచోట ఆ మాట తప్పని చూపించారు, అదీ తాలీమ్ విషయంలోనే. గవర్నర్ హోదాలో ఆయన విశ్వవిద్యాలయాల చాన్సలర్ కూడా. వైస్ చాన్సలర్లను నియమించేటప్పుడు చాన్సలర్ రాష్ట్ర ప్రభుత్వం చెప్పినట్టే నడవాలంటూ ప్రభుత్వం బిల్లు తేబోయింది. ఇది జరిగితే నేను ఇస్తీఫా ఇస్తానన్నారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఐదేళ్ళ గవర్నర్‌గిరీలో ఆయన పదవిని పణంగా పెట్టింది తన అధికారం కోసం కాదు, విద్యాలయం గౌరవం కోసం.

20 లక్షల దస్తఖత్‌లు

1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికల్లో ఆయనకు ఎదురు నిలబడింది మన తెలుగువారే, సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. జాకిర్ సాహబ్‌కు 4,71,244 ఓట్ల విలువ వస్తే సుబ్బారావు గారికి 3,63,971 వచ్చింది. మే 13న దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతిగా హలఫ్ తీసుకున్నారు. భారతదేశమంతా నా ఇల్లే, ఇక్కడి జనమంతా నా ఖాందానే అన్న భావం ఆ రోజు ప్రసంగంలో చెప్పారు. ఉపరాష్ట్రపతిగా వి.వి. గిరి గారు వచ్చారు.

ఇక్కడ ఒక చేదు సంగతి దాచకుండా చెప్పుకోవాలి. 1954లో అంజుమన్ తరఖ్ఖీ-ఎ-ఉర్దూ తరఫున జాకిర్ సాహబ్ ఒక వఫ్ద్‌ను తీసుకుని రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ గారిని కలిశారు. ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూకు చట్టబద్ధమైన చోటివ్వండని 20 లక్షల మందికి పైగా చేసిన దస్తఖత్‌లు అందించారు. ఫలితం రాలేదు. పదమూడేళ్ళ తర్వాత ఆ దర్ఖాస్తు అందుకున్న కుర్సీలో ఆయనే కూర్చున్నారు. అయినా రాలేదు. రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతి మంత్రుల సలహా దాటి పోలేడు. ఉత్తరప్రదేశ్‌లో ఉర్దూకు రెండో అధికార భాష హోదా దొరికింది 1989లో. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్ళు.

అంత పెద్ద ఓహ్దాలో కూర్చుని ఖౌమ్‌కు ఏం చేశాడు అని కొందరు ఇప్పటికీ అడుగుతారు. సవాల్ గలత్ కాదు. కానీ ఆయన జిందగీని రెండు తక్కెడల్లో పెట్టి చూడండి. ఒకవైపు గవర్నర్, ఉపరాష్ట్రపతి, రాష్ట్రపతి పదవులు, మొత్తం పన్నెండేళ్ళ లోపు. ఇంకోవైపు తన్ఖా సరిగా అందని 22 ఏళ్ళ జామియా. కుర్సీ నుంచి ఉర్దూకు ఒక్క చట్టం రాలేదు. బడి నుంచి ఉర్దూలో పుస్తకాలు, పత్రికలు, ఉస్తాదులు, తరాల తరాల పిల్లలు వచ్చారు. ఆయన సొంతంగా అఫ్లాతూన్ రియాసత్‌ను ఉర్దూలోకి తర్జుమా చేశారు. పదవి చేయలేని పని బడి చేసింది.

మట్టి ఎక్కడ

1969 మే 3, శనివారం, రాష్ట్రపతి భవన్‌లో గుండెపోటుతో ఇంతెఖాల్ అయ్యారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పదవిలో ఉండగా చనిపోయిన మొదటి రాష్ట్రపతి ఆయనే. అదే రోజు మన గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. మే 5న జనాజా జామియాకు చేరింది. అంగ్రేజ్ వైస్రాయ్‌ల కోసం కట్టిన మహల్ నుంచి, ఒక చిన్న పిల్లవాడు పునాది రాయి వేసిన బడికి.

ఆ మఖ్బరాను గీసింది హబీబ్ రహమాన్ సాహబ్. ఎర్రకోటకూ జామా మసీదుకూ నడుమ మౌలానా ఆజాద్ మజార్‌ను, తర్వాత ఫక్రుద్దీన్ సాహబ్ మజార్‌ను గీసిందీ ఆయనే. జాకిర్ సాహబ్ మఖ్బరాలో తుగ్లక్ జమానా కట్టడాల ఛాయ ఉంటుంది. రాతి గోడలు, పాలరాతి జాలీలు, పైన గుంబద్. ఆడంబరం లేదు. ఒకవైపు అజాన్, ఇంకోవైపు పుస్తకాల అలికిడి. మధ్యలో నడిచే పిల్లలు.

మన ఇళ్ళకు ఏమిటి?

ఈ తవారీఖ్ సోంపేట నుంచి ఎందుకు రాస్తున్నానంటే, మన వైపు మన ఇళ్ళు తక్కువ. ఉర్దూ బడులు అంతకన్నా అరుదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. అల్హందులిల్లాహ్. కానీ ఆ జబాన్‌లో దర్ఖాస్తు రాయగల పిల్లలు మన ఇంట్లో ఎంతమంది? చట్టం తలుపు తీస్తుంది. లోపలికి నడవాల్సింది మన పిల్లలే.

ఉర్దూ మీడియంలో అలిఫ్ బే నేర్చి, డిగ్రీలో తెలుగు చదివి, ఆ తెలుగుతోనే అన్నం తింటున్నవాణ్ణి నేను. ఒక జబాన్ వస్తే రెండోది పోతుందన్న భయం నాకు లేదు. మాదరీ జబాన్‌లో పునాది పడితే పై అంతస్తు ఏ జబాన్‌లోనైనా లేస్తుంది. జాకిర్ సాహబ్ వార్ధాలో చెప్పింది ఇదే. షాదీ పందిరికి, దావత్‌కు అప్పు చేసైనా ఖర్చు పెడతాం. బిడ్డ ఫీజు దగ్గరకొచ్చేసరికి, అందులోనూ ఆడబిడ్డ ఫీజు దగ్గర, చేయి వెనక్కి పోతుంది. 150 రూపాయల హద్దు పెట్టుకున్న ఆ ఉస్తాదుల ముందు మన లెక్క ఏ ముఖంతో చూపిస్తాం?

దిల్లీ వెళ్ళినవాళ్ళు ఎర్రకోట చూస్తారు, ఖుతుబ్ మీనార్ చూస్తారు, నిజాముద్దీన్ ఔలియా దర్గాకు వెళ్తారు. ఈసారి పిల్లల్ని తీసుకుని జామియాకూ వెళ్ళండి. ఫాతిహా చదివి, ఈయన గవర్నర్, రాష్ట్రపతి అని చెప్పండి. ఆ తర్వాత, ఇవన్నీ కాకముందు ఈయన 22 ఏళ్ళు బడి నడిపాడు, అందుకే ఇక్కడ పడుకున్నాడు అని కూడా చెప్పండి. వెళ్ళలేనివాళ్ళు ఈ రాత్రి అబ్బూఖాన్ మేక కహానీ చెప్పండి. ఉర్దూలో వస్తే ఉర్దూలో, లేకపోతే మన ఉద్దానం తెలుగులో. చివర్లో ఎవరు గెలిచారో పిల్లల్నే అడగండి.

అల్లాహ్ మర్హూమ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మన బిడ్డలకు ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్.